నిప్పు ముందా, గ్యాసు ముందా?

ఈ నెల మన “ఎందుకు? ఎలా?” శీర్షికకు విశాఖపట్నం నుంచి ఒక అమ్మాయి ఇట్లా రాసింది:

“మా ఇంట్లో నాలుగు బర్నర్ల గ్యాసు పొయ్యి ఉన్నది. దాని కిందనే కేకులూ రొట్టెలూ కాల్చే ఓవెన్ కూడా ఉన్నది. నాబ్ తిప్పి మీట నొక్కగానే పై బర్నర్లు అంటుకుంటాయి. కింద ఓవెన్ మాత్రం టిక్కు టిక్కుమని ఎంతసేపు చప్పుడు చేసినా అంటుకోదు. తరవాత ఉన్నట్టుండి భగ్గుమంటుంది. వానాకాలంలో ఈ బాధ మరీ ఎక్కువ. ‘ఇదేం పొయ్యే తల్లీ, దీనికన్న మా కట్టెల పొయ్యే నయం’ అంటుంది మా మామ్మ. ఓవెన్ ఎందుకిట్లా ఆలస్యం చేస్తుంది? ఆలస్యం చేస్తే చెయ్యనీ, భగ్గుమనటం ఎందుకు?”

పిల్లలూ, ఈ ఉత్తరంలో ఒకటి కాదు, రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది పొయ్యిని బాగుచేసుకోవటానికి పనికివస్తుంది. రెండవది మనుషుల ప్రాణాలకు సంబంధించినది. రెండూ వరసగా చూద్దాం.

మంట పుట్టాలంటే మూడు కావాలి: మండే వస్తువు, గాలిలో ఉండే ప్రాణవాయువు, అంటించటానికి తగినంత వేడి. మామ్మగారి కట్టెల పొయ్యిలో కట్టె మండే వస్తువు. ఊదుగొట్టంతో ఊదితే అందేది ప్రాణవాయువు. అగ్గిపుల్ల ఇచ్చేది వేడి. ఈ మూడూ ఒకచోట, ఒకవేళకు కలవాలి. కట్టెల పొయ్యి ఆలస్యంగా అంటుకుంటే కళ్ళు మండుతాయి, వంట ఆలస్యమవుతుంది, అంతకు మించి ఏమీ లేదు. నిప్పు వచ్చేదాకా కట్టె కట్టెలాగే పడి ఉంటుంది.

గ్యాసు అట్లా పడి ఉండదు. నాబ్ తిప్పిన క్షణం నుంచి అది వస్తూనే ఉంటుంది. నిప్పు వచ్చినా రాకపోయినా అది ఆగదు. తేడా అంతా ఇక్కడే ఉన్నది.

బండలో ఏమున్నది?

మన ఇళ్ళకు వచ్చే ఎర్రని గ్యాసు బండలో 14.2 కిలోల ఇంధనం ఉంటుంది. పేరుకు గ్యాసే గాని, లోపల చాలా భాగం ద్రవంగా ఉంటుంది. ప్రోపేను, బ్యూటేను అనే రెండు వాయువులను ఒత్తిడి పెట్టి ద్రవంగా మార్చి బండలో నింపుతారు. ఆ ద్రవం ఒక లీటరు బయటికి వచ్చిందంటే సుమారు 250 లీటర్ల వాయువవుతుంది. అంటే ఒక చెంబెడు ద్రవం వాయువుగా మారితే పెద్ద పీపా నిండి ఇంకా మిగులుతుంది!

విశాఖపట్నం పిల్లలకు ఈ గ్యాసు ఎక్కడినుంచో వచ్చేది కాదు. 1957లో అక్కడ కాల్టెక్స్ కంపెనీవారి నూనెశుద్ధి కర్మాగారం పని ప్రారంభించింది. 1978 నుంచి అది హిందుస్థాన్ పెట్రోలియం వారిది. ముడి నూనెను శుద్ధి చేసేటప్పుడు పెట్రోలు, కిరసనాయిలు, డీజిలుతోపాటు ఈ వంటగ్యాసు కూడా వస్తుంది. అయితే అది మనకు చాలదు. మన దేశంలో వాడే వంటగ్యాసులో సగానికి పైగా ఇతర దేశాల నుంచి ఓడల మీద వస్తుంది.

ఓడలో వచ్చిన గ్యాసును దాచటానికి డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ఒక విచిత్రమైన గిడ్డంగి ఉన్నది. భూమి లోపల దాదాపు 200 మీటర్ల లోతున రాతిని తొలిచి గుహ చేశారు. 2007 నుంచి అది పనిచేస్తున్నది. అందులో 60,000 టన్నుల గ్యాసు పడుతుంది. మన ఇంటి బండల లెక్కన 42 లక్షల బండలన్నమాట! ఆ గుహకు ఇనప గోడలు లేవు. చుట్టూ రాతి పగుళ్ళలో ఉండే నీరు అన్నివైపుల నుంచీ లోపలికి ఒత్తుతూ ఉంటుంది. ఆ నీటి ఒత్తిడి గ్యాసు ఒత్తిడికన్న ఎక్కువ గనక గ్యాసు బయటికి రాలేదు. నీళ్ళే గోడలై కాపలా కాస్తున్నాయి.

నాబ్ నుంచి మంట దాకా

బండలో ఒత్తిడి చాలా ఎక్కువ. అదే ఒత్తిడితో గ్యాసు పొయ్యిలోకి వస్తే పొయ్యి నిలవదు. అందుచేత బండ మీద రెగ్యులేటర్ పెడతారు. అది ఒత్తిడిని బాగా తగ్గించి, గ్యాసును రబ్బరు గొట్టంలోకి నెమ్మదిగా వదులుతుంది.

నాబ్ తిప్పగానే గ్యాసు ఒక చిన్న ఇత్తడి ముక్కలోని సన్నని రంధ్రం గుండా దూసుకువస్తుంది. దీనిని జెట్ అంటారు. ఆ రంధ్రం సూదిమొనంత ఉంటుంది. అంత సన్నని దారిలో నుంచి గ్యాసు వేగంగా వచ్చేటప్పుడు, పక్కనున్న గాలిని కూడా తనతో లాక్కుపోతుంది. రైలు వేగంగా పోతున్నప్పుడు పట్టాల పక్కనున్న ఎండుటాకులు దానివెంట ఎగరటం చూశారు కదా? ఇదీ అటువంటిదే. గ్యాసూ గాలీ బర్నర్ గొట్టంలో కలిసి, చిల్లుల గుండా బయటికి వచ్చి మండుతాయి. ముందుగానే గాలి కలుపుకొని నీలంగా మండే ఈ తరహా బర్నర్‌ను 1855లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు బున్సెన్ తన ప్రయోగశాల కోసం తయారుచేయించాడు. మీ బడి ప్రయోగశాలలో దాని పేరు విని ఉంటారు. మన వంటింటి బర్నర్ దానికి చుట్టమే.

గ్యాసూ గాలీ ఎంతెంత కలవాలి? కాఫీలో డికాక్షన్ మరీ తక్కువైనా బాగుండదు, మరీ ఎక్కువైనా బాగుండదు గదా. దీనికీ ఒక లెక్క ఉన్నది. మిశ్రమంలో నూటికి సుమారు 2 పాళ్ళ నుంచి 9 పాళ్ళ దాకా గ్యాసు ఉంటేనే అంటుకుంటుంది. 2 పాళ్ళకు తక్కువైతే గ్యాసు చాలదు. 9 పాళ్ళకు మించితే గాలి చాలదు. ఈ 2, 9 అంకెలు గుర్తుంచుకోండి. మళ్ళీ పనిపడుతుంది.

ఆలస్యం ఎక్కడ?

ఇప్పుడు మన విశాఖపట్నం అమ్మాయి ఓవెన్ సంగతి చూద్దాం. పొయ్యి విప్పకుండానే, ఉత్తరాన్ని మాత్రం జాగ్రత్తగా చదివి చాలా సంగతులు చెప్పవచ్చు.

“పై బర్నర్లు మీట నొక్కగానే అంటుకుంటాయి” అని రాసింది. ఈ ఒక్క మాటతో సగం అనుమానాలు తీరిపోయాయి. బండలో గ్యాసు అయిపోవస్తున్నా, రెగ్యులేటర్ చెడినా, రబ్బరు గొట్టం మడతపడినా, పై బర్నర్లు కూడా నీరసంగా మండేవి. కొత్త బండ తగిలించినప్పుడు గొట్టంలో చేరిన గాలి పోయేదాకా కాస్త ఆలస్యమవుతుంది గాని, అది కూడా అన్ని బర్నర్లకూ ఒకేలాగ ఉంటుంది, ఒకటి రెండుసార్లు వెలిగించేసరికి పోతుంది. కనక తప్పు బండది కాదు. తప్పు ఓవెన్ దగ్గరే ఉన్నది.

ఓవెన్ దగ్గర ఏమేమి ఉంటాయి? జెట్, బర్నర్, నిప్పురవ్వ పుట్టించే మొన. ఈ మూడింటిలో ఏది చెడినా దాని గుర్తు దానికి ఉంటుంది.

జెట్‌లో మసి గాని దుమ్ము గాని చేరితే గ్యాసు తక్కువగా వస్తుంది. అంటుకున్న తరవాత కూడా మంట చిన్నదిగానే ఉంటుంది.

బర్నర్ గొట్టంలో గాలి వచ్చే దారికి సాలెగూడో, పురుగో అడ్డం పడితే గాలి చాలదు. అప్పుడు మంట నీలంగా ఉండక పసుపుపచ్చగా లేస్తుంది. గిన్నెలకు మసి పడుతుంది. చాలా రోజులు వాడకుండా ఉంచిన ఓవెన్లలో సాలెపురుగులు ఇట్లా కాపురం పెట్టటం మామూలే.

బర్నర్ చిల్లులలో, ముఖ్యంగా నిప్పురవ్వ మొనకు దగ్గరగా ఉన్న చిల్లులలో, పిండో నెయ్యో పడి మాడి గట్టిపడితే మరొక చిక్కు వస్తుంది. రవ్వ చక్కగానే పుడుతుంది. గ్యాసూ చక్కగానే వస్తుంది. కాని గ్యాసు ఒకచోట, రవ్వ ఒకచోట! దూరపు చిల్లులలో నుంచి వచ్చిన గ్యాసు ఓవెన్‌లో పరచుకొని, రవ్వ దాకా చేరేటప్పటికి చాలాసేపు పడుతుంది. అది చేరాక ఒక్కసారిగా అంటుకుంటుంది.

ఇక నిప్పురవ్వ. మీ ఇంట్లో చేతి లైటర్ ఉంటే దాని చప్పుడు వినే ఉంటారు. అందులో అగ్గీ లేదు, కరెంటూ లేదు. లోపల ఒక చిన్న సుత్తి ఒక స్ఫటికం వంటి ముక్కను టక్కున కొడుతుంది. కొన్ని రకాల స్ఫటికాలను ఒత్తితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ అనే అన్నదమ్ములు కనిపెట్టారు. ఈ పియేర్ తరవాతి కాలంలో మేరీ క్యూరీ భర్త అయ్యాడు. ఆ ఒక్క దెబ్బకు వేల వోల్టుల విద్యుత్తు పుట్టి, రెండు లోహపు మొనల మధ్య రవ్వ ఎగురుతుంది. ఓవెన్‌లో మీట నొక్కితే కరెంటుతోనో, బ్యాటరీతోనో అటువంటి రవ్వలే వరసగా పుడతాయి. టిక్కు టిక్కుమనే చప్పుడు అదే.

“వానాకాలంలో ఈ బాధ మరీ ఎక్కువ” అని కూడా అమ్మాయి రాసింది. ఇది చాలా విలువైన మాట. విశాఖపట్నం సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి ఉప్పుగాలి ఇనప కిటికీ ఊచలనే తినేస్తుంది. రవ్వ పుట్టే మొన చుట్టూ పింగాణీ తొడుగు ఉంటుంది. విద్యుత్తు పక్కదారి పట్టకుండా ఆపటానికే ఆ తొడుగు. దానిమీద నూనె జిడ్డూ ఉప్పూ చేరి, పైన చెమ్మ పట్టితే ఆ తడిపొర వెంబడి విద్యుత్తు జారిపోతుంది. చప్పుడు వస్తుంది గాని రవ్వ పుట్టదు. పుట్టినా నీలంగా, చురుకుగా ఉండక, వెలవెలపోతూ ఉంటుంది. కనక ఈ ఓవెన్ విషయంలో మొదట అనుమానించవలసినది నిప్పురవ్వ మొననూ, దాని దగ్గరి బర్నర్ చిల్లులనూ.

ఇంకో రకం ఓవెన్లున్నాయి. అమెరికాలో ఉంటున్న పాఠకులు వాటిని చూసి ఉంటారు. వాటిలో టిక్కు టిక్కు చప్పుడు ఉండదు. ఒక కడ్డీ కరెంటుతో ఎర్రగా కాలుతుంది. అది బాగా కాలి, తగినంత కరెంటు తీసుకున్నాకనే గ్యాసు దారి తెరుచుకుంటుంది. అందువల్ల ఆ ఓవెన్లు అంటుకోవటానికి అర నిమిషం నుంచి ఒక నిమిషం దాకా పట్టటం మామూలే. అంతకన్న బాగా ఆలస్యం చేస్తుంటే కడ్డీ పాతబడిందనుకోవచ్చు. దానిని మార్పించాలి.

మరి కొన్ని ఓవెన్లు అంటుకుంటాయి గాని, నాబ్ వదలగానే ఆరిపోతాయి. వాటిలో మంట పక్కన ఒక చిన్న లోహపు కాడ ఉంటుంది. రెండు వేరువేరు లోహాలను కలిపి, ఆ అతుకును వేడిచేస్తే కొంచెం విద్యుత్తు పుడుతుంది. దీనిని 1821లో జేబెక్ అనే శాస్త్రజ్ఞుడు గమనించాడు. మంట ఉన్నంతసేపూ ఆ కాడలో పుట్టే విద్యుత్తు గ్యాసు దారిని తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే కాడ చల్లబడి, దారి దానంతట అదే మూసుకుంటుంది. కాడ వేడెక్కటానికి కొద్ది క్షణాలు పడుతుంది గనకనే నాబ్‌ను కాసేపు నొక్కి పట్టుకోమంటారు. ఇది జబ్బు కాదు, కాపలా.

భగ్గుమనటం ఎందుకు?

ఇప్పుడు రెండవ ప్రశ్న. ఇందాకటి అంకెలు గుర్తున్నాయా?

ఓవెన్ పెట్టెలో 50 లీటర్ల చోటు ఉన్నదనుకుందాం. నూటికి 2 పాళ్ళ గ్యాసు చేరితే అంటుకుంటుంది. 50 లీటర్లలో నూటికి 2 పాళ్ళంటే ఒక్క లీటరు. ఓవెన్ బర్నర్ నిమిషానికి సుమారు లీటరుంబావు గ్యాసు వదులుతుందనుకుంటే, ఎంతసేపటికి లీటరు గ్యాసు చేరుతుంది? లెక్క వెయ్యండి. 48 సెకండ్లు! నిమిషం కూడా కాలేదు. మీట టిక్కు టిక్కుమంటూ ఉండగానే పెట్టె పెట్టెంతా మందుగుండు డబ్బాలాగ తయారవుతుంది. నిజానికి అంతసేపు కూడా అక్కరలేదు. ఈ గ్యాసు గాలికన్న బరువైనది గనక ముందు పెట్టె అడుగున చేరుతుంది. అక్కడ 2 పాళ్ళు ఇంకా ముందే నిండుతాయి.

ఆ సమయంలో రవ్వ పుట్టిందా, బర్నర్ చిల్లు దగ్గర చిన్నగా వెలగవలసిన మంట పెట్టెలో ఉన్న గ్యాసునంతా ఒక్క క్షణంలో అంటించేస్తుంది. వేడికి లోపలి గాలి ఎన్నో రెట్లు వ్యాకోచించి, తలుపును తోసుకొని బయటికి వస్తుంది. ముందు వంగి చూస్తున్నవారి కనుబొమలు కాలిపోవచ్చు, ముఖమే కాలవచ్చు. ఆలస్యం అమృతం విషం అని పెద్దలంటారు. గ్యాసు పొయ్యి విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. వెంటనే అంటుకుంటే అన్నం వండిపెట్టే గ్యాసు, నిమిషం ఆలస్యమైతే ఒళ్ళు కాలుస్తుంది.

అందుచేత ఈ మొత్తం శాస్త్రాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: నిప్పు ముందు, గ్యాసు తరవాత. గ్యాసు వచ్చేటప్పటికి నిప్పు అక్కడ సిద్ధంగా ఉండాలి. గ్యాసు నిప్పు కోసం ఎదురుచూడకూడదు.

చేసి చూడండి

బరువైన వాయువు కిందికి ఎట్లా జారుతుందో కంటితో చూడాలంటే గ్యాసుతో ఆడుకోనక్కరలేదు. అది ఎన్నడూ చెయ్యకూడదు కూడా. ఇంట్లో పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకొని ఇట్లా చెయ్యండి. ఒక వెడల్పాటి గిన్నె అడుగున పొట్టి కొవ్వొత్తి ముక్కను నిలబెట్టి, పెద్దవారిచేత వెలిగించండి. ఇంకో చెంబులో రెండు చెంచాల వంటసోడా వేసి, ఒక నిమ్మకాయ రసం పిండండి. బుసబుసమని పొంగుతుంది. అందులో పుట్టేది బొగ్గుపులుసు వాయువు. పొంగు తగ్గాక, చెంబును గిన్నె మీద నెమ్మదిగా వంచండి. రసం ఒలకకూడదు సుమా! ఏమీ పోసినట్టు కనిపించదు. కాని కాసేపటికి కొవ్వొత్తి ఆరిపోతుంది. కంటికి కనపడని వాయువు నీళ్ళలాగా చెంబులో నుంచి జారి గిన్నె అడుగుకు చేరింది.

బొగ్గుపులుసు వాయువు గాలికన్న సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. వంటగ్యాసు కూడా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. అది కూడా ఇట్లాగే నేల మీద పాకుతూ, గది మూలల్లో, మంచాల కింద, గుంటల్లో చేరుతుంది. ఒకటే తేడా. బొగ్గుపులుసు వాయువు మంటను ఆర్పుతుంది, వంటగ్యాసు అంటుకుంటుంది.

ఊరంత పొయ్యి

ఒక పెట్టెడు గ్యాసు సంగతి చూశాం. పెద్ద ఎత్తున ఇదే జరిగితే ఏమవుతుందో విశాఖపట్నం చూసింది. 1997 సెప్టెంబరు 14వ తేదీ ఉదయం, ఓడ నుంచి గ్యాసును నూనెశుద్ధి కర్మాగారంలోకి ఎక్కిస్తూ ఉండగా, కొంత గ్యాసు బయటికి వచ్చింది. అది మేఘంలాగా నేల వెంబడి పరచుకున్నది. ఆ తరవాత దానికి నిప్పు తగిలింది. సుమారు 60 మంది చనిపోయారు. ఆ రోజును గుర్తుంచుకున్నవారు ఆ ఊళ్ళో ఇప్పటికీ ఎందరో ఉన్నారు. అక్కడా, ఇంట్లోనూ సూత్రం ఒక్కటే: గ్యాసు ముందు వచ్చింది, నిప్పు తరవాత వచ్చింది.

ఆ కర్మాగారం వైపు రాత్రిపూట పోతే, ఎత్తయిన గొట్టం చివర మంట కనపడుతుంది. “అంత గ్యాసు వృథాగా మండించటమెందుకు?” అని మీకు అనిపించవచ్చు. ఎప్పుడైనా కర్మాగారంలో గ్యాసు మిగిలిపోయినా, ఒత్తిడి హఠాత్తుగా పెరిగినా దానిని ఎటో ఒకటు పంపించాలి. ఊరికే గాలిలోకి వదిలితే మేఘమై కూర్చుంటుంది. అందుకని ఆ గొట్టం కొసన చిన్న మంటలు గుడిలోని అఖండదీపంలాగ ఎప్పుడూ వెలుగుతూ ఉంటాయి. గ్యాసు ఏ వేళ వచ్చినా నిప్పు ముందే సిద్ధంగా ఉంటుంది.

గాజువాక అవతల ఉన్న ఉక్కు కర్మాగారంలోనూ ఇదే జాగ్రత్త. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారంలో 7 మీటర్ల ఎత్తు కోకు బట్టీలున్నాయి. గాలి తగలకుండా బొగ్గును మూసిన గదులలో కాల్చినప్పుడు, ఉదజని, మీథేను ఎక్కువగా ఉండే గ్యాసు వస్తుంది. దానిని పారెయ్యరు. బట్టీలనూ కొలుములనూ వేడిచెయ్యటానికి వాడతారు. అటువంటి పెద్ద కొలిమిని వెలిగించేముందు, లోపల పాత గ్యాసు ఏమైనా నిలిచి ఉన్నదేమోనని దానిని పూర్తిగా బయటికి తరిమేస్తారు. ఆ తరవాతనే నిప్పు, ఆ తరవాతనే గ్యాసు. మన ఇంటి ఓవెన్ తలుపు తెరిచి కాసేపు ఆగటం కూడా ఇటువంటి పనే.

మీరు చెయ్యవలసినది, చెయ్యకూడనిది

పిల్లలు తమంతట తాము ఓవెన్ వెలిగించకూడదు, విప్పకూడదు. కాని పక్కన నిలబడి ఈ మాటలు పెద్దవారికి గుర్తుచెయ్యవచ్చు.

వెలిగించేటప్పుడు ఓవెన్ తలుపు తెరిచి ఉంచాలి. ముఖం దూరంగా ఉండాలి. అగ్గిపుల్లతో వెలిగించే ఓవెన్ అయితే ముందు పుల్ల గీసి, బర్నర్ దగ్గర పెట్టి, ఆ తరవాతే నాబ్ తిప్పాలి.

మీట నొక్కే ఓవెన్ అయితే, మీరు ఒకటి నుంచి పది దాకా పైకి లెక్కపెట్టండి. పది అనేలోగా అంటుకోకపోతే నాబ్ కట్టెయ్యాలి. తలుపు తెరిచే ఉంచి, కనీసం 5 నిమిషాలు ఆగి, అప్పుడే మళ్ళీ ప్రయత్నించాలి. “ఇంకొక్కసారి చూద్దాం” అని అదేపనిగా మీట నొక్కటమే అసలు ప్రమాదం. రెండుమూడుసార్లు అట్లాగే జరిగితే ఆ రోజుకు కేకు మానుకొని, మెకానిక్కును పిలవాలి.

చల్లారి ఉన్న ఓవెన్ బర్నర్‌ను పెద్దవారు పాత పళ్ళబ్రష్‌తో శుభ్రం చేసి, బాగా ఆరనివ్వవచ్చు. జెట్ రంధ్రంలో మాత్రం సూది గుచ్చకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే గ్యాసు ఎక్కువగా వస్తుంది. రబ్బరు గొట్టాన్ని 5 ఏళ్ళకొకసారి మార్చాలి. గ్యాసు ఎక్కడైనా కారుతున్నదేమో చూడటానికి సబ్బునురగ రాస్తే చాలు, కారేచోట బుడగలు లేస్తాయి. అగ్గిపుల్ల గీసి వెతకటం కన్న ప్రమాదకరమైన పని మరొకటి లేదు.

వంటగ్యాసుకు సహజంగా వాసన లేదు. కారితే మనకు తెలియాలని అందులో మెర్‌కాప్టన్ అనే కుళ్ళు వాసన గల పదార్థాన్ని కొంచెం కలుపుతారు. ఆ వాసన ఒక గంట మోగినట్టు. అది తగిలితే లైటు స్విచ్ వెయ్యవద్దు, ఉన్న లైటు ఆర్పవద్దు, ఫ్యాను తిప్పవద్దు. స్విచ్‌లో పుట్టే రవ్వ కూడా రవ్వే. వెంటనే పెద్దవారిని పిలవండి. వారు రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, అందరినీ బయటికి తీసుకుపోవాలి. బయటికి వచ్చిన తరవాత 1906 అనే నంబరుకు ఫోను చెయ్యాలి. గ్యాసు ప్రమాదాల కోసం రాత్రింబగళ్ళు పనిచేసే నంబరు అది. ఈ నాలుగంకెలూ వంటింటి తలుపు మీద రాసి ఉంచండి.

విశాఖపట్నం అమ్మాయీ! నిప్పురవ్వ మొననూ, దాని పింగాణీ తొడుగునూ, పక్కనున్న బర్నర్ చిల్లులనూ శుభ్రం చేయించి, ఆరబెట్టించమని మీ నాన్నగారితో చెప్పు. వానాకాలం రాకముందే ఆ పని జరగాలి. అందాకా ఓవెన్ జోలికి పోవద్దు. కట్టెల పొయ్యే నయమన్న మీ మామ్మగారి మాటలోనూ నిజం లేకపోలేదు. ఆమె ఎన్నో ఏళ్ళపాటు ముందు నిప్పు రాజేసి, ఆ తరవాతే కట్టెలు ఎగదోసింది. గ్యాసు పొయ్యి కోరేదీ ఆ వరసే. ఈ సంగతి ఆమెకు చదివి వినిపించు.

వచ్చే నెల ప్రశ్న: చలికాలంలో కొందరు గదిలో కుంపటి పెట్టుకొని, తలుపులూ కిటికీలూ అన్నీ బిగించి పడుకుంటారు. అట్లా ఎందుకు చెయ్యకూడదు? మంట పుట్టటానికి కావలసిన మూడింటినీ తలుచుకొని ఆలోచించండి. జవాబు మీ మాటల్లోనే రాసి పంపండి.